పుట్టిని బట్టి రోజు: కురవపురం

మక్తల్ వాళ్లు ఒక పూట తీరుబడిగా గడిపి రావడానికి సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. దీవి కృష్ణలోనే ఉంది. దాని పేరు కురవపురం, కురుగడ్డి అని కూడా అంటారు. 14వ శతాబ్దంలో పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన క్షేత్రమిది. దీవి రాయచూరు జిల్లాది, ఇవతలి ఒడ్డున ఉన్న పంచదేవ్‌పహాడ్ మక్తల్ మండలానిది. ఈ రెండింటి నడుమ నీటిని తరతరాలుగా దాటించింది పుట్టి అనే గుండ్రని నావ. దాని పనితనం తెలిస్తే రోజును ఎలా అమర్చుకోవాలో తెలుస్తుంది.

పుట్టికి మూలం వెదురు. బొంగును నిలువునా చీల్చి, సన్నని బద్దలు తీస్తారు. వాటిని అడ్డంగా, నిలువుగా పరిచి, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోయేలా అడుగు అల్లుతారు. అడుగు వెడల్పయ్యాక కొసలను పైకి వంచి, చుట్టూ గోడ లేపి, అంచును దట్టంగా అల్లి బిగిస్తారు. పుట్టి ఆకారాన్ని నిలిపేది ఆ అంచే. బయటివైపు ఒకప్పుడు తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. అల్లికకు మేకులతో పనిలేదు కాబట్టి బండ తగిలినా పుట్టి విరగదు, కొంచెం వంగి మళ్లీ లేస్తుంది. అడుగు చదునుగా ఉండడం వల్ల మోకాలిలోతు నీళ్లలోనూ తేలుతుంది. రాళ్లు నిండిన కృష్ణకు ఇంతకన్నా తగిన నావ లేదు.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇలాంటి నావల గురించే రాశాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయని, ఎప్పుడూ గిరగిర తిరుగుతుంటాయని గమనించాడు. ముందూ వెనకా లేని గుండ్రని నావకు ఆ తిరుగుడు సహజం. దాన్ని అదుపులో పెట్టడంలోనే నడిపేవాడి నేర్పంతా ఉంది. అతను అంచు దగ్గర వంగి, తెడ్డును ముందుకు చాచి, నీటిని తనవైపు లాగుతాడు. ఎదుటి ఒడ్డుకు నేరుగా గురిపెట్టడు. ఒడ్డు వెంబడి కొంత ఎగువకు పోయి అక్కణ్నుంచి ఏటవాలుగా వదులుతాడు. ప్రవాహం దిగువకు లాగేంత దూరాన్ని ముందే లెక్కలో వేసుకున్నాడన్నమాట.

రోజును కూడా ఆ లెక్కతోనే వేసుకోవాలి. ముందు కాలం చూడాలి. మహారాష్ట్ర నుంచి 861 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన భీమ నది కురవపురానికి ఎగువనే కృష్ణలో కలుస్తుంది. కాబట్టి మక్తల్‌లో ఎండ కాస్తున్నా, మహారాష్ట్రలో వాన కురిస్తే ఇక్కడ నది లేస్తుంది. వానకాలం వదిలేసి, చలికాలం ఎంచుకోవడం మేలు. తర్వాత తిరుగు ప్రయాణపు వేళ తేల్చుకోవాలి. పొద్దు గూకకముందే ఇవతలి ఒడ్డు చేరేలా నావవాళ్లతో పొద్దున్నే మాట అనుకుంటే, మిగిలిన పూటంతా దానికదే సర్దుకుంటుంది.

మక్తల్‌లో పడమటి ఆంజనేయస్వామిని దర్శించుకుని, చల్లపూటనే నది దాటాలి. దీవిలో ముందు శ్రీపాదుల గుడి, తర్వాత వాసుదేవానంద సరస్వతి స్వామి ధ్యానం చేసిన గుహ. బండలు కాలే మధ్యాహ్నానికి మర్రినీడ చేరి, జొన్నరొట్టె, పల్లీల పచ్చడి విప్పుకోవచ్చు. ఆపైన ఏ పనీ పెట్టుకోకూడదు. అల్లికలో బద్దకూ బద్దకూ మధ్య సందు ఉంటేనే పుట్టి వంగగలదు. అలాగే గాలి హోరుకు నావ అరగంట ఆగినా రోజు చెడకుండా కాపాడేది ఆ ఖాళీ వేళే.