పసి భీముడికి గద లేదు

ఆదిపర్వంలో భీముడి మొదటి ఘనకార్యం అతను చెయ్యాలనుకుని చేసింది కాదు. శతశృంగం మీద పులిని చూసి కుంతి ఉలిక్కిపడింది. ఒడిలోని పసిబిడ్డ జారి బండ మీద పడ్డాడు. బిడ్డకేమీ కాలేదు, బండ మాత్రం పిండైంది. ఈ సంఘటన తీసేసినా భారతం ఆగదు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చడానికీ, దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడానికీ ఆ బండతో పనేం లేదు. అయినా కథకుడు దాన్ని వదులుకోలేదు. పెద్దయ్యాక ఏం చేశాడో ఊరందరికీ తెలిసినవాడు పాలు తాగే రోజుల్లో ఎలా ఉండేవాడో వినాలన్న సరదా జనానికి ఎప్పుడూ ఉన్నదే. సినిమావాళ్లు దానికి ప్రీక్వెల్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ సరదా మీదే హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2019 ఏప్రిల్‌లో ఒక పని చేసింది. అప్పటికి పదకొండేళ్లుగా పోగో చానెల్లో నడుస్తున్న ‘ఛోటా భీమ్’ని ఇంకా వెనక్కి నడిపించి, దోగాడే వయసుకి తీసుకెళ్లి, ‘మైటీ లిటిల్ భీమ్’ తీసింది. థియేటర్ లేదు, టీవీ చానెల్ లేదు. నేరుగా నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇంటి తెరకు చేరింది. మూడు నెలలు తిరిగేసరికి 2.7 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్సే ప్రకటించింది. ఒకప్పుడు వీడియో క్యాసెట్‌గా, తర్వాత డీవీడీగా, ఇప్పుడు స్ట్రీమింగ్‌గా, నేరుగా ఇంటికే వచ్చే బొమ్మల సినిమాలకు ఒక సంప్రదాయం ఉంది. దాన్ని చిన్నచూపు చూడటం మనకు అలవాటైంది. అందులోని పనితనం మాత్రం చిన్నది కాదు.

ఈ మాట హథ్‌ఖోజ్ నుంచి రాయడానికి ఒక కారణం ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని పెరిగిన పారిశ్రామిక వాడ ఇది. రోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు. 1959లో కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కాలం నుంచీ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఈ ప్రాంతంలో భీముడు పరాయివాడు కాదు, ఇక్కడి జానపదానికి కథానాయకుడే అతను. పాండవుల కథను పాడి చెప్పే ఛత్తీస్‌గఢ్ పండవానీలో అర్జునుడి కంటే, ధర్మరాజు కంటే భీముడిదే పైచేయి. ఆ పండవానీని ప్యారిస్ దాకా తీసుకెళ్లిన తీజన్ బాయి భిలాయికి దగ్గర్లోని గనియారీ గ్రామంలో పుట్టింది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసింది. 2019లో, అంటే మన పసి భీముడు నెట్‌ఫ్లిక్స్‌కెక్కిన ఏడాదే, ఆమెకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

పండవానీలో రెండు బాణీలున్నాయి. వేదమతిలో కళాకారుడు కూర్చుని, సబల్ సింహ్ చౌహాన్ హిందీ భారతాన్ని ఆధారం చేసుకుని చెబుతాడు. ఝాడూరామ్ దేవాంగన్ ఆ బాణీకి పెట్టింది పేరు. కాపాలిక బాణీలో లేచి నిలబడి, తిరుగుతూ, అప్పటికప్పుడు కల్పించుకుంటూ చెప్పాలి. ఆడవాళ్లు పాడినా కూర్చునే పాడాలన్న రోజుల్లో తీజన్ బాయి లేచి నిలబడింది. పదమూడేళ్ల వయసులో పక్క ఊరు చంద్రఖురీలో మొదటి ప్రదర్శన ఇస్తే దక్కింది పది రూపాయలు. ఊళ్లో పడ్డ మాటలు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ.

ఆమె చేతిలో ఉండే వస్తువు ఒక్కటే, నెమలి ఈకలు, రంగు కుచ్చులు కట్టిన తంబూరా. అది భుజానికెక్కితే భీముడి గద, అడ్డంగా పట్టుకుంటే అర్జునుడి విల్లు, ఇంకో క్షణంలో ద్రౌపది జుట్టు. పక్కన రాగీ ఉంటాడు. ‘హౌ’ కొడుతూ, మధ్యలో ప్రశ్న వేస్తూ, జనం అడగాలనుకున్నదాన్ని ముందే అడిగేస్తాడు. బుర్రకథ తెలిసినవాళ్లకు వంతల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉద్యోగమే ఇది. గమనించాల్సింది ఇంకోటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ముగింపు తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. దుశ్శాసనుడు చస్తాడని పాలుతాగే పిల్లకీ తెలుసు. ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఉత్కంఠ కథకురాలికి దొరకదు. కాబట్టి ఆమె ఇంకో ప్రశ్న పట్టుకుంటుంది: ఎలా జరిగింది? ఆ క్షణంలో భీముడి కళ్లెలా ఉన్నాయి? ద్రౌపది ఏ వైపు చూస్తోంది? గంటసేపు ఒక్క ఘట్టం మీద నిలబడగలగడం అక్కడే వస్తుంది.

ప్రీక్వెల్ రాసేవాడి ఇబ్బంది అచ్చం ఇదే. ముగింపు ముందే అమ్ముడుపోయింది. అతని చేతిలో మిగిలింది ‘ఎలా’ ఒక్కటే.

అమెరికాలో డిస్నీ ఈ బేరాన్ని 1994లో మొదలుపెట్టింది. ‘అల్లాదీన్’కి తర్వాతి కథగా ‘ది రిటర్న్ ఆఫ్ జఫర్’ని థియేటర్‌కి పంపకుండా నేరుగా క్యాసెట్‌గా అమ్మింది. గీసింది పెద్ద సినిమా జట్టు కాదు, టీవీ విభాగం. బొమ్మ పలచగా ఉన్నా డబ్బు చిక్కగా వచ్చింది. దాంతో ప్రతి పాత సినిమాకూ ఒక తోకో, ఒక తలో మొలిచింది. 2004లో వచ్చిన ‘లయన్ కింగ్ ఒకటిన్నర’ (అవును, పేరే అది) వాటిలో తెలివైనది. మనం ‘లయన్ కింగ్’లో చూసేసిన కథనే అందులోని హాస్యపు జంట టిమోన్, పుంబాల పక్క నుంచి చూపిస్తుంది. అసలు సినిమా మొదట్లో సింహపు పిల్లకు జంతువులన్నీ మోకరిల్లే గంభీరమైన ఘట్టం ఉంటుంది కదా, అలా వంగడానికి నిజమైన కారణం గుంపులో పుంబా వదిలిన గాలి అట! బుర్రకథలో హాస్యం వంత ఇలాగే కథలోకి దూరి రాజుగారి కిరీటాన్ని కాస్త పక్కకి జరుపుతాడు.

2008లో వచ్చిన ‘ఏరియల్స్ బిగినింగ్’ మాత్రం ప్రీక్వెల్‌కి పట్టే జబ్బుకి మంచి నమూనా. 1989 నాటి ‘లిటిల్ మెర్మెయిడ్’లో ఏరియల్‌కి పాటంటే ప్రాణం. ఎందుకు? తల్లి చనిపోయాక తండ్రి రాజ్యంలో సంగీతాన్నే నిషేధించాడట. ఎవరూ అడగని ప్రశ్నకి ఇంత పెద్ద జవాబు. ఇష్టానికల్లా కారణం చూపిస్తే ఇష్టం చిన్నదవుతుంది. అదే ఏడాది డీవీడీగా వచ్చిన ‘టింకర్ బెల్’ ఇంకో తోవ తొక్కింది. 1953 ‘పీటర్ పాన్’లో ఆ చిట్టి దేవత నోట మాట ఉండదు, గంటల చప్పుడే. ముందుకథలో గలగలా మాట్లాడుతుంది. అతుకు ఎక్కడ? మనుషుల చెవికి వాళ్ల మాటలు గంటల మోతగానే వినబడతాయట. పాత కథలో ఒక్క అక్షరం చెరపకుండా కొత్త కథకు చోటు దొరికింది. ఈ తరహా పనిలో ఇంత పొందికైన కుట్టు నేను ఎక్కువ చూడలేదు.

మన దగ్గర ఇంటి వీడియోకి వేరే చరిత్ర. ఎనభైల్లో వీసీఆర్ అద్దెకి తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు చూసిన తరం ఇంకా ఉంది. 2007 నాటికి మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు అమ్మేసరికి ఇంట్లో డిస్కులు పప్పుబెల్లాల్లా పేరుకున్నాయి. వాటిలో సగం తర్వాత గీతలు పడి ముక్కుతూ మూలుగుతూ ఆడేవి, అది వేరే సంగతి. 2001లో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ ఆ కాలంలో పెరిగిన సంస్థే. చిన్ని కృష్ణుడి సినిమాలు టీవీకి తీసి, 2008లో ఛోటా భీమ్‌తో నిలదొక్కుకుంది. ఢోలక్‌పూర్, లడ్డూలు, చుట్కీ, రాజు, జగ్గూ కోతి, వీళ్లందరితో హిందీ మాట్లాడే ప్రతి ఇంటి పిల్లాడికీ పరిచయమైంది. హథ్‌ఖోజ్ గల్లీల్లో ‘భీమ్’ అంటే పెద్దవాళ్లకి పండవానీ గుర్తొస్తే, పిల్లలకి లడ్డూ గుర్తొస్తుంది.

ఇక పసి భీమ్ దగ్గరికి వద్దాం. ఛోటా భీమ్‌లో అందరూ వాగుడుకాయలే. ముందుకథలో మాటే లేదు. టింకర్ బెల్‌కి ఇది సరిగ్గా తిరగేసిన పని. మాటలు రాని వయసు కాబట్టి మాటలు లేవు, అంతే. ఏ వివరణా అక్కర్లేని కారణం. పది నిమిషాలు కూడా నిండని ఒక్కో భాగంలో కథ దాదాపు ఒకే మోస్తరు. ఏదో కంటపడుతుంది, అది కావాలి, దాని వెనకాల దోగాడుకుంటూ పోతాడు, దారిలో ఊరు అల్లకల్లోలం.

దగ్గరగా చూస్తే ఇందులో ఒక చమత్కారం ఉంది. యానిమేషన్‌లో బరువు చూపించడానికి ఒక పద్ధతి ఉంటుంది. బస్తా ఎత్తే మనిషి ముందు మోకాళ్లు వంచుతాడు, నడుము బిగిస్తాడు, ఊపిరి పడతాడు, అప్పుడు లేపుతాడు. ఆ ముందు కదలిక లేకపోతే బస్తా దూదిలా కనబడుతుంది. పసి భీమ్‌కి ఆ ముందు కదలిక ఇవ్వరు. వాడి దృష్టిలో బండయినా బంతే కదా. పట్టుకుంటాడు, లేస్తుంది. మరి బరువు మనకెలా తెలియాలి? చుట్టూ ఉన్నవాటి వల్ల. నేల అదురుతుంది, దుమ్ము లేస్తుంది, పెద్దవాళ్లు నోరు తెరుస్తారు. బలం వాడి ఒంట్లో కనబడదు, ఎదుటివాటి మీద కనబడుతుంది. శతశృంగం మీద కుంతి బిడ్డ బలం కూడా పగిలిన బండ మీదే తెలిసింది. బిడ్డ బహుశా ఏడ్చి కూడా ఉండడు. కౌరవ పిల్లలు పళ్లకోసం చెట్టెక్కితే భీముడు కిందనుంచి చెట్టు ఊపేవాడు. పళ్లతోపాటు పిల్లలూ రాలేవాళ్లు. ఇదీ అదే బాపతు హాస్యం. తానెంత బలవంతుడో తనకే తెలియని పిల్లాడు, అది తెలిసిన మనం.

మాటలు లేకపోవడం వల్ల వ్యాపారంలో లాభం సంగతి సరే, డబ్బింగ్ ఖర్చు తప్పింది. ఇంట్లో జరిగే లాభం నాకు ముఖ్యం. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒక మాదిరి చిత్రం చాలాచోట్ల కనబడుతుంది. నాన్నమ్మది శ్రీకాకుళం తెలుగు, మనవడిది బళ్లో హిందీ, గల్లీలో ఛత్తీస్‌గఢీ. ఛోటా భీమ్ పెడితే ఆవిడకి సగం అర్థంకాక కునుకు పడుతుంది. పసి భీమ్ పెడితే సంగతి మారిపోతుంది. మా వీధిలో ఒకావిడ తెర మీద పిల్లాడు ఆవు తోక పట్టుకోబోతుంటే, “ఒరే బుడ్డోడా, వద్దురా నాయినా, తంతాదిరా!” అని కేకేయడం విన్నాను. మనవడు “నాన్నమ్మా, వాణ్ని అది ఏం చెయ్యలేదే, వాడు భీమ్ కదా” అని ధైర్యం చెబుతున్నాడు. అలా వచ్చే మాటా పోయే మాటా కలిస్తే ఆ గదిలో రాగీ ఉన్నట్టే. తెరమీద మాట ఖాళీగా ఉంది కాబట్టే వీళ్లకు చోటు దొరికింది.

థియేటర్‌లో ఇది కుదరదు. పక్కవాళ్లు ఊరుకోరు. ఇంటి తెర కోసం తీసేవాటికి ఈ వెసులుబాటు ఉందని తీసేవాళ్లే ఎక్కువమంది మరిచిపోతారు. చిన్న బడ్జెట్‌తో పెద్ద సినిమాను అనుకరించబోయి పలచబడతారు.

ఆ లెక్కన బాహుబలి బొమ్మల కథ ఆసక్తికరం. 2018లో నెట్‌ఫ్లిక్స్ శివగామి చిన్ననాటి కథను నటులతో భారీగా తీస్తామని ప్రకటించింది. అది తెర మీదికి రాకుండానే ఆగిపోయింది. యానిమేషన్ ప్రీక్వెల్‌లు మాత్రం నేరుగా ఇళ్లకొచ్చాయి. 2017లో అమెజాన్‌లో ‘ది లాస్ట్ లెజెండ్స్’, 2024 మేలో హాట్‌స్టార్‌లో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’. రెండూ గ్రాఫిక్ ఇండియా, ఆర్కా మీడియా వర్క్స్ కలిసి చేసినవే. బొమ్మకు వయసు మీద పడదు, కాల్షీట్లు అడగదు, అది సరే. రాసేవాళ్ల కాళ్లకు మాత్రం గట్టి సంకెళ్లే ఉన్నాయి. భల్లాలదేవుడు చావకూడదు. బాహుబలితో తగువు బయటపడకూడదు. కట్టప్ప కత్తి అప్పుడే దిగకూడదు. మిగిలిన దారి, అన్నదమ్ములిద్దర్నీ ఒకవైపు నిలబెట్టి బయటి శత్రువును తేవడమే. అలా పుట్టినవాడే ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’లో రక్తదేవుడు. నా మటుకు, ఆ యుద్ధాల కంటే అన్నదమ్ములు భుజం కలిపి నడిచే మామూలు ఘట్టాలే బాగున్నాయి. ఈ భుజం ఆ భుజానికి ఏం చేయబోతుందో మనకు తెలుసు కాబట్టి. దాన్నింకా సాగదీసి ఉంటే బాగుండేది. తీజన్ బాయి అయితే వదిలేది కాదు.

భీముడి చిన్ననాటి కథల్లో ఇంకా ఎవరూ ఇంటి తెరకు సరిగ్గా తేనిది ప్రమాణకోటి ఘట్టం. దుర్యోధనుడు విషం పెట్టి, తీగలతో కట్టించి గంగలోకి తోయించాడు. భీముడు నేరుగా నాగలోకంలో పడ్డాడు. పాములు కరిస్తే విషానికి విషం విరుగుడై లేచి కూర్చున్నాడు. వాసుకి దగ్గర రసకుండలు. ఒక్కో కుండలో వెయ్యి ఏనుగుల బలం. ఎనిమిది ఖాళీ చేసి, పడుకుని, ఎనిమిదో రోజుకు మెలకువ వచ్చింది. చోటు ఒకటి, పాత్రలు కొన్ని, సంభాషణ దాదాపు అక్కర్లేదు, పిల్లలు విరగబడి నవ్వే తిండి ఘట్టం. చిన్న ఖర్చుతో చేసే ఇంటి సినిమాకి ఇంతకంటే అమరిన కథ దొరకదు. హైదరాబాద్‌లో గీసేవాళ్లు ఉన్నారు, భిలాయి చుట్టుపక్కల పాడేవాళ్లు ఉన్నారు. ‘హౌ’ అనే రాగీ గొంతు ఒక్కటి వెనకాల వినిపిస్తే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పోస్టర్ మీదయినా సరే, పిల్లాడి చేతికి గద ఇవ్వొద్దు. ద్రోణుడు ఇంకా హస్తినాపురానికి రాలేదు.