ఇచ్చిన ఊరు, అడిగి తెచ్చుకున్న ఊరు

విశాఖ ఉక్కు కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు నిరాహార దీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, ఉద్యమంలో పోయిన 32 ప్రాణాలు, 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, ఇవన్నీ మనం ఇళ్లలో చెప్పుకుంటూ పెరిగిన సంగతులే. జంషెడ్‌పూర్ అలా కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎన్నో కుటుంబాలకు అది తాతలు బతుకుతెరువుకు వెళ్లిన ఊరు. అంతకు మించి దాని గురించి మనం పెద్దగా పట్టించుకున్నది లేదు. రెండూ ఉక్కు కోసం పుట్టినవే. పుట్టిన తీరులో మాత్రం పోలికే లేదు.

జంషెడ్‌పూర్‌కు ఇంకా స్థలమైనా ఖాయం కాకముందే, 1902లో, జంషెడ్‌జీ టాటా కొడుకు దొరాబ్‌కు ఒక ఉత్తరం రాశాడు. వీధులు వెడల్పుగా ఉండాలి, త్వరగా ఎదిగి నీడనిచ్చే చెట్లు నాటాలి, ఆటస్థలాలకూ తోటలకూ చోటు వదలాలి, గుడికీ మసీదుకూ చర్చికీ జాగా చూడాలి అని. రెండేళ్లకే ఆయన పోయాడు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె దగ్గర కొలిమి వెలిగింది. ఊరికి తొలి నక్షా గీసింది అమెరికా ఉక్కు నగరం పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన జూలియన్ కెనెడీ బృందం. 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికి వచ్చిన ఏడాదే ఎనిమిది గంటల పనిదినం కూడా వచ్చింది. దేశంలో అది చట్టమయ్యింది 1948లో. ఎవరూ అడక్కముందే ఇచ్చారన్న పేరు టాటాలకు అలా వచ్చింది.

విశాఖ ప్లాంటూ దాని ఊరు ఉక్కునగరమూ మాత్రం అడిగితేనే వచ్చాయి. అడిగినా వెంటనే రాలేదు. 1971 జనవరిలో ప్లాంటుకు శంకుస్థాపన జరిగితే, కంపెనీ ఏర్పడింది 1982లో. గోదావరి అని పేరు పెట్టుకున్న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో రాజుకుంది. 1992లో పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాయి.

అయితే జంషెడ్‌పూర్‌కు అన్నీ ఊరికే వచ్చాయనుకుంటే పొరపాటు. 1920లోనూ 1928లోనూ అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. రెండో సమ్మెలోకి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా దిగి కార్మిక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కంపెనీ స్వర్ణోత్సవానికి కట్టించిన జూబిలీ పార్కును నెహ్రూ 1958 మార్చి 1న ప్రారంభించాడు. గులాబీ తోటలూ ఫౌంటెన్లూ చూడ్డానికి జనం ఎగబడ్డారు. సరిగ్గా అదే ఏడాది మే నెలలో కార్మికులు సమ్మెకట్టారు. పార్కు ఫొటోలు నేటికీ క్యాలెండర్లకెక్కుతున్నాయి, సమ్మె చరిత్ర పుస్తకాల్లో ఉండిపోయింది. ఇచ్చినవాడి పేరే ఊరి పేరైన చోట అడిగినవాడి పేరు వెతుక్కోవాలి. విశాఖలో ఇందుకు తలకిందులు. అమృతరావు పేరు తెలియని కార్మికుడు ఉండడు కానీ, ఉక్కునగరానికి నక్షా గీసిందెవరో చెప్పగలిగేవాడు దొరకడు.

నేల సంగతికి వస్తే రెండు ఊళ్లదీ ఒకే పాపం. సాక్చి, బేల్డీ, సోనారీ ఒకప్పటి పల్లెలు, చుట్టూ ఉన్నది సంతాల్, హో ఆదివాసుల నేల. ఊళ్లు పోయినా పేర్లు మిగిలాయి. సాక్చి ఇవాళ బజారు, బేల్డీ క్లబ్బు, సోనారీ విమానాశ్రయం. విశాఖలో కూడా పదుల కొద్దీ పల్లెలు ప్లాంటు కిందికి పోయాయి. ఇక్కడ పేర్లయినా మిగల్లేదు. ఉక్కునగరంలో ఉన్నవి సెక్టార్లు, వాటికి నంబర్లు. నిర్వాసితులకు దక్కింది ఆర్‌ కార్డు. దాన్ని బీరువాలో దాచుకుని, ఇంటికో ఉద్యోగం మాట తేలేదాకా రెండో తరం కూడా ఎదురుచూసింది. మరచిపోవడంలో మనవాళ్లే ఒక ఆకు ఎక్కువ చదివారని నాకు అనిపిస్తుంది.

ఇక గనులు. రెండు ఊళ్ల తలరాతలు వేరుపడ్డది అసలు ఇక్కడే. టాటాలకు నోవాముండి ఇనుప గనులు, ఝరియా బొగ్గు గనులు ఎప్పటినుంచో సొంతం. విశాఖ ప్లాంటుకు సొంత ఇనుప గని లేదు. బైలదిల్లా ఖనిజాన్ని ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ ధరకు కొనుక్కోవాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, గనులివ్వని ప్రభుత్వమే నష్టాలు చూపించి 2021 జనవరిలో నూరు శాతం అమ్మకానికి సరేనంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అడిగి తెచ్చుకున్నదాన్ని అడిగి నిలబెట్టుకోవలసి వచ్చింది.

జంషెడ్‌పూర్‌వాసికి ఈ బెంగ లేదు. కుళాయి తిప్పితే నీళ్లు, రోడ్డు చూస్తే శుభ్రం. కానీ లక్షల జనం ఉన్న ఆ నగరం నడిబొడ్డున ఎన్నికైన మునిసిపాలిటీ లేదు. అది కావాలా వద్దా అన్న తగువు 1980ల నుంచి కోర్టుల్లో నలుగుతోంది. ఉమ్మడి కుటుంబంలో పెదనాన్నలాంటిది కంపెనీ: అన్నీ చూసుకుంటుంది, లెక్క మాత్రం అడగనివ్వదు. చిత్రమేమిటంటే, చాలామంది అడగదలచుకోలేదు కూడా. సువర్ణరేఖ దాటి మానగో వెళ్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అక్కడ నీళ్లకు తిప్పలు, ఇరుకు సందులు. ఉక్కునగరం గేటు దాటి గాజువాకలో అడుగుపెట్టినా అదే తేడా కళ్లకు కడుతుంది. అటు ప్రైవేటు, ఇటు ప్రభుత్వం. గోడ మాత్రం ఒకటే.

మన ఉత్తరాంధ్రవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ వాళ్లు కట్టుకున్నవే. కంపెనీ ఎన్ని ఇచ్చినా రాముడి గుడి చందాలతోనే లేచింది. ఇంట్లో శ్రీకాకుళం యాస, వీధిలో హిందీ. మార్చి 3న జంషెడ్‌జీ పుట్టినరోజుకు ఊరంతా దీపాలు పెడితే పిల్లలతో వెళ్లి చూసొస్తారు, కంపెనీని పల్లెత్తు మాట అననివ్వరు. విశాఖ కార్మికుడు మాత్రం ప్లాంటును పొద్దున లేస్తే తిడతాడు. ఆఫీసర్లనూ యూనియన్లనూ ఢిల్లీనీ వదలడు. బయటివాడెవడైనా ఒక్క మాటంటే చొక్కా పట్టుకుంటాడు. మొదటిది కృతజ్ఞత, రెండోది సొంతమన్న కోపం. ఏది మేలో తేల్చమంటే నేను తేల్చను. నీళ్లకు వాడి ఊరు, నోటికి వీడి ఊరు కావాలనిపిస్తుంది.

అయితే ఉద్యోగాల లెక్క దగ్గర రెండు ఊళ్లూ మళ్లీ కలుస్తాయి. 1990ల ఆరంభంలో టాటా స్టీల్‌లో సుమారు 78,000 మంది ఉండేవారు. పదేళ్లు దాటేసరికి దాదాపు సగమయ్యారు. ముందుగా తప్పుకున్నవాళ్లకు నెలనెలా డబ్బు ఇచ్చారు గనుక శిబిరాలు వెలవలేదు, గొడవ జరగలేదు. విశాఖలో ప్యాకేజీ వచ్చిన ఏడాదే కాంట్రాక్టు కార్మికులు తొలగింపులకు వ్యతిరేకంగా సమ్మెకు దిగారు. మానగోలో అద్దెకుండే కాంట్రాక్టు కూలీకీ, గాజువాకలో అద్దెకుండే కాంట్రాక్టు కూలీకీ క్వార్టర్ రాదు, గేటు పాసు ఎన్నాళ్లుంటుందో తెలియదు. అడక్కుండా ఇచ్చే పద్ధతి గానీ అడిగి తెచ్చుకునే పద్ధతి గానీ వాళ్ల దాకా ఇంకా రాలేదు.