సిగరెట్ మానిన ఇంట్లో మొదటి నెల

"అన్నయ్యగారూ, మళ్ళీ కాల్చుకోమని మీరైనా చెప్పండి. ఇంట్లో ఎవరం ఆయనతో మాట్లాడలేకపోతున్నాం." ఫోన్ చేసింది స్నేహితుడి భార్య. ఆయన సిగరెట్ మానేసి ఇంకా వారం కాలేదు. ఇలాంటి మాట వేరే ఇళ్ళల్లోనూ విన్నాను. మానేసినవాడికి పొగరనో, మనసు బలహీనమనో అందరూ అనేస్తారు. ఆ వారం అతని తలలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు మాత్రం ఉండరు.

పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అక్కడి గ్రాహకాలకు అతుక్కుని డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. హాయి అనిపించేది అందుకే. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. రోజూ కాల్చేవారి మెదడులో ఆ గ్రాహకాలు మామూలుకంటే ఎక్కువై ఉంటాయి. వాటికి నికోటిన్ అందకపోతే చిరాకు, వెలితి, దేనిమీదా మనసు నిలవకపోవడం. మరో సిగరెట్ వెలిగిస్తే అవి సర్దుకుంటాయి. మన జేబులోంచి తీసిన డబ్బునే మనకు అప్పిచ్చే వడ్డీ వ్యాపారి చేసేదీ ఇదే. టెన్షన్ తగ్గిందని మనిషి అనుకునే ఆ క్షణంలోనే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం హెచ్చుతుంది.

నికోటిన్ ఒక్కటే అయితే కథ ఇంత చిక్కుగా ఉండేది కాదు. డోపమైన్‌ను విరగ్గొట్టే ఎంఏఓ-బి అనే ఎంజైము పొగతాగేవారి మెదడులో 40 శాతం తక్కువగా ఉందని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జొవానా ఫౌలర్ బృందం 1996లో చూపించింది. దాన్ని అణచేవి పొగలోని ఇతర పదార్థాలు. డిప్రెషన్‌కు ఇచ్చిన తొలితరం మందుల్లో కొన్ని పనిచేసేదీ ఈ దారిలోనే. దిగులున్న మనిషి సిగరెట్‌ను అంత గట్టిగా పట్టుకోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. అతన్ని తిట్టి లాభం లేదు.

హార్మోన్ల దెబ్బ ఆడవాళ్ళకు ఇంకోలా తగులుతుంది. పొగతాగే స్త్రీలకు సగటున ఏడాది రెండేళ్ళు ముందే నెలసరి ఆగిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్న నేల మనది. పొగ మగవాళ్ళ గొడవే అనుకోవడానికి లేదు.

మానేసేవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది టీ, కాఫీల గురించి. పొగలోని తారు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. సిగరెట్ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ తొందర తగ్గుతుంది. రోజూ తాగే కాఫీలే తాగినా ఒంట్లో కెఫీన్ పేరుకుంటుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లేనని మళ్ళీ వెలిగిస్తారు. మానిన రోజునుంచే కప్పులు సగానికి తగ్గించమని నేను అందరికీ చెబుతుంటాను. క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మానసిక వ్యాధుల మందులు వాడేవారు మానేముందే డాక్టరుకు చెప్పాలి. అవీ ఇలాగే ఒంట్లో పేరుకుంటాయి.

చిరాకు మొదటి మూడు నాలుగు రోజుల్లో తారస్థాయికి చేరి, నెలలోపు చాలావరకు తగ్గుతుంది. గ్రాహకాల సంఖ్య ఆరు నుంచి పన్నెండు వారాల్లో మామూలుకొస్తుంది. 26 అధ్యయనాలను కలిపి చూసి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణలో, మానేసినవారికి ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయనే తేలింది. ఆ మొదటి నెల ఇంట్లోవాళ్ళు గొడవ పెంచకుండా ఓపిక పట్టాలి. తోడు కావాలంటే ఉచిత సహాయ నంబరు 1800-11-2356 ఉంది. సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది.