వాక్యానికి నగలెందుకు?

మొన్న సాయంత్రం మా మనవరాలు తెలుగు నోటుబుక్కు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ‘‘అమ్మమ్మా, వాక్యాన్ని పెంచి రాయమన్నారు. ఇది సరిపోతుందా?’’ అంది. బళ్ళో ఇచ్చిన వాక్యం మూడే మాటలు: ‘అమ్మ వంట చేసింది.’ మా పిల్ల దాన్ని ఇలా పెంచింది: ‘అందమైన మా మంచి అమ్మ రుచికరమైన వంటను ఎంతో ప్రేమగా చేసింది.’

నేను 30 ఏళ్ళకు పైగా ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినదాన్ని. ఇలాంటి వాక్యాలకి ఎన్ని మార్కులు ధారపోశానో లెక్కలేదు. కాని ఆవేళ పోపు మాడుతున్నా పట్టించుకోకుండా ఆ వాక్యం వంకే చూస్తూ నిలబడిపోయాను. మూడు మాటలు తొమ్మిదయ్యాయి. అయినా ఆ అమ్మ ఎవరో తెలియదు. ఏం వండిందో తెలియదు. పొద్దుటా, రాత్రా? ఎంతమందికి? మూడు మాటలప్పుడు ఎంత తెలుసో, తొమ్మిది మాటలప్పుడూ అంతే తెలుసు. నలుగురికని పెట్టిన చారులో, మరో నలుగురొచ్చారని చెంబుడు నీళ్ళు పోస్తామే, అదీ సంగతి. గిన్నె నిండుతుంది గాని చారు పెరగదు.

గైడ్లలో ఇచ్చే మాదిరి వాక్యాలన్నీ చాలావరకు ఇదే బాపతు. నామవాచకం కనిపిస్తే ముందో విశేషణం, క్రియ కనిపిస్తే ముందో ‘గా’. చెట్టయితే పచ్చని, ఆకాశమయితే నీలి, గురువుగారయితే గౌరవనీయులైన. ఏ పెళ్ళికూతురికైనా సరిపోయే అద్దె నగలు! నగ తీసేసినా పిల్ల పిల్లలాగే ఉంటుంది. మాట కొట్టేసి చూడండి, అర్థంలో ఏమీ పోకపోతే అది అద్దె నగే. ఈ పరీక్ష ఇదివరకు తంతి ఆఫీసు ఉచితంగా నేర్పేది, మాటకింతని డబ్బు పుచ్చుకుని. 2013లో టెలిగ్రాములు ఆగిపోయాయి, ఆ బడీ మూతపడింది.

పిల్లల్నే అనడం ఎందుకు? మనమంతా ఎగబడి చదివిన సీరియల్సు మాత్రం? నాయిక తలుపు తియ్యాలంటే సన్నని, పొడవైన, సంపెంగ మొగ్గల్లాంటి వేళ్ళు కావాలి. తలుపవతల ఎవరున్నారో ఆ వారానికి తెలియదు. (నేనూ చదివాను, దాచుకోను.)

నన్నడిగితే తెలుగు వాక్యం పెరిగే చోటు విశేషణం కాదు, అసమాపక క్రియ. ‘వచ్చి’ అన్నామంటే ఒక పని అయి ఇంకో పని మొదలైంది. ‘తరుగుతూ’ అంటే రెండు పనులు ఒక్కసారే సాగుతున్నాయి. ‘వస్తే’లో ఎదురుచూపు ఉంది. ‘వచ్చినా’లో ఏదో అడ్డం పడింది. వీటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు చెప్పి పిల్లల్ని బెదరగొడతాం గాని, వంటింట్లో నిలబడి మనం ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేది వీటితోనే. ఇన్ని పనులూ ముందు నడుస్తుంటే సమాపక క్రియ తన వంతు కోసం చివర్న కూర్చుంటుంది, ఇంటిల్లిపాదీ తిన్నాక విస్తరి వేసుకునే ఇల్లాలిలా. ఇంగ్లీషు వాళ్ళు సంగతుల్ని వెనక తగిలించుకుంటారు. అది చూసి మనవాళ్ళు ‘ఏ అమ్మాయైతే నిన్న వచ్చిందో ఆ అమ్మాయి’ అని రాస్తున్నారు. ‘నిన్న వచ్చిన అమ్మాయి’ అంటే పోయేదానికి!

ఈ వర్ణనల జబ్బు ప్రబంధకవులు అంటించిందేనని కొందరంటారు. నేనొప్పుకోను. మార్కండేయ పురాణంలోని కథని తీసుకుని ఆరు ఆశ్వాసాల మనుచరిత్రగా పెంచాడు అల్లసాని పెద్దన. అందులో ప్రవరుడి భార్య వంట సంగతి వస్తుంది, అంటే మా మనవరాలి హోంవర్కు వాక్యమే! పెద్దన ‘రుచికరమైన’ అనలేదు. వెయ్యిమంది వచ్చినా ఆవిడ వండడానికి అలిసిపోదన్నాడు, నడిరేయి అతిథులు దిగినా పెడుతుందన్నాడు. అన్నపూర్ణతో పోల్చాడు, నిజమే. కాని ఆ పోలిక పక్కనే లెక్కా చెప్పాడు, వేళా చెప్పాడు. (ఆవిడ నిజంగా అలిసిందో లేదో ఆవిణ్ణి ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే వ్యాసం.)

ఇంత చెబుతున్నదాన్ని, నేను చేసిన పనీ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎనిమిదో తరగతికి ఇదే వాక్యం పరీక్షలో ఇచ్చాను. వెనక బెంచీ పిల్ల ఒకతె ఇలా రాసింది: ‘నాన్న రాడని తెలిసినా అమ్మ నలుగురికి సరిపడా వంట చేసింది.’ నేను ఎర్రసిరాతో ‘విశేషణాలేవి?’ అని రాసి 5 మార్కులకి 2 వేశాను. ముందు బెంచీ వాళ్ళ రుచికరమైన వంటలకి అయిదుకి అయిదూ వేశాను. ఆ పిల్ల కాగితం తీసుకుంది, చూసుకుంది, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఏమీ అడగలేదు. తరవాతి పరీక్షలో ‘పచ్చని చెట్టు మీద అందమైన చిలక తియ్యగా పలికింది’ అని రాసింది. అయిదూ వేశాను. దారిలో పడిందని సంతోషించాను కూడా.

ఆ ఒక్క ‘తెలిసినా’లో ఎంత సంసారం ఉందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆ పిల్ల ఎక్కడుందో!

‘‘మరి ఏం రాయను?’’ అంటోంది మనవరాలు.

‘‘నిన్న రాత్రి మీ అమ్మ ఎలా వండిందో చెప్పు.’’

‘‘ఎలాగేమిటి? ఆఫీసునించి వచ్చి, హ్యాండ్‌బ్యాగు ఫ్రిజ్ మీద పడేసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మేనేజరుతో మాట్లాడుతూనే దొండకాయలు తరిగి...’’

‘‘అదే రాయి.’’

‘‘ఇదా! టీచరు ఒప్పుకుంటారా?’’

నేనేం చెప్పను? ఆ టీచర్ని నేనే కదా.

పిల్ల పెన్సిలు కొరుక్కుంటూ రాసింది. చివర్న తలెత్తి, ‘‘‘రుచికరమైన’ ఉంచనా అమ్మమ్మా?’’ అంది.

‘‘నిన్న కూరలో ఉప్పు వేసిందా మీ అమ్మ?’’

‘‘మరిచిపోయింది.’’

‘‘అయితే కొట్టెయ్యి.’’