చిటపట ఆగేదాకా

దేవరకొండ పక్కన మా ఊళ్లో నాయనమ్మ పోయినప్పుడు దినాలకు వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. “పాపం, చానా కష్టపడ్డది.” ఆ మాటలో అబద్ధం లేదు. కానీ మా దిక్కు కష్టపడని ఆడమనిషి ఎవరున్నారు? ఎండలో కలుపు తీసినవాళ్లు, మట్టి తట్టలు మోసినవాళ్లు, పెనిమిటి పోయినా పిల్లల్ని సాదుకున్నవాళ్లు ఇంటికొకరు ఉంటారు. మా నాయనమ్మ చేతిలో కష్టంతో పాటు ఒక విద్య ఉండేది. ఆమె వంటాముదం వండేది. ఆ పని ఎట్లా చేసేదో దినాల నాడు ఒక్కరూ తలుచుకోలేదు. ఈ వారం నేను తలుచుకుంటాను.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. దేవరకొండ చుట్టూ ఎక్కువగా ఎర్ర చెలకలే. జానెడు లోతు దాటితే మొరం, దాని కింద రాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. డ్యాం మాకు దగ్గరే. అయినా ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది గానీ ఎత్తు మీదున్న మా చెలకలకు నీళ్లు ఎక్కలేదు. తర్వాత సాగర్ వెనక జలాలను అక్కంపల్లి జలాశయానికి ఎత్తిపోశారు. 2004 నుంచి అక్కడి కృష్ణా నీళ్లు హైదరాబాద్ గొంతు తడుపుతున్నాయి. డిండి ప్రాజెక్టు కింద కొన్ని ఊళ్లకు ఆసరా దొరికింది. మిగిలినవాళ్లకు వానే దిక్కు.

వాన మొహం చాటేసినా నిలబడే పంట ఆముదం. దాని తల్లివేరు లోతుకు పోయి చెమ్మ వెతుక్కుంటుంది. అందుకే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. క్రాంతి, హరిత లాంటి రకాలు పాలెం పరిశోధన స్థానంలో పుట్టింది కూడా ఈ చెలకల కోసమే.

తాత పోయేనాటికి నాయనమ్మకు ముప్పై నిండలేదు. మా నాన్న ఇంకా చంకలో పిల్లవాడు. ఉన్న కొద్దిపాటి చెలక పట్టా ఆమె పేరు మీద లేదు, చివరిదాకా కాలేదు. పుట్టింటికి పొమ్మని పెద్దమనుషులు చెప్పారు. ఆమె పోలేదు. మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే డెబ్బైరెండు కరువులో ఊరు సగం మూటలు కట్టుకుంది. అట్లా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఊరూరా మట్టిపనులకు పోయినవాళ్లకే పాలమూరు లేబర్ అన్న పేరు పడింది. నాయనమ్మ మూట కట్టలేదు. దానికి ధైర్యం ఒక్కటే కారణమైతే నేనిది రాసేవాణ్ని కాదు. ఆమె దగ్గర ఒక లెక్క ఉంది.

ఆ లెక్క ఇది. విత్తనాలకూ తిండిగింజలకూ అప్పిచ్చిన వ్యాపారికే పంట తూచాలి. ధర అతను చెప్పిందే, తూకం అతను వేసిందే. పంట చేతికొచ్చే రోజుల్లోనే గింజకు ధర పడిపోయేది. నూనె సంగతి వేరు. బాగా కాగిన ఆముదం ఏడాదైనా చెడదు. అందుకని నాయనమ్మ అప్పు తీరేంత గింజ వ్యాపారికి తూచి, మిగిలింది ఇంట్లో దాచి, సంక్రాంతి దాటాక వండేది. తర్వాత వానలు పడేదాకా సోలకింత, గిద్దెకింత అని తానే ధర కట్టి అమ్మేది. డబ్బు లేనివాళ్లు జొన్నలు కొలిచేవాళ్లు. మా ఇంట్లో ఎండాకాలం గటక కాగింది ఆ జొన్నలతోనే. సంతకం పెట్టడం రాని మనిషి, సరుకు ఎప్పుడు అమ్మాలో, ఏ రూపంలో అమ్మాలో తేల్చుకుంది. దీన్ని వ్యాపారం అనడానికి మనకెందుకు నోరు రాదో నాకు అర్థం కాదు.

ఇక వండే పని. ఎండిన గెలలు కర్రతో కొట్టి, గింజలు రాలగొట్టి, చాటతో చెరిగేది. తాలు గింజలు, పురుగు పట్టినవి ఏరి పారేసేది. తర్వాత మంగలంలో కొంచెం కొంచెం పోసి వేయించేది. ఇక్కడే పని సగం తేలిపోతుంది. పచ్చిగా దించితే నూనె సరిగా దిగదు, మాడితే నూనెకు మాడు వాసన పట్టి ఎవరూ కొనరు. గింజ పెంకు చిట్లి, లోపలి పప్పు తేనె రంగుకు రాగానే దించేది. రోట్లో దంచుతుంటే పొడి కాస్తా ముద్దవుతుంది, నల్లగా, జిగటగా రోకలికి పట్టుకుంటుంది. రోకలి పైకి లేపినప్పుడు ముద్ద తీగలా సాగితే చాలని లెక్క. పెద్ద కాగులో నీళ్లు మరుగుతుంటే ఈ ముద్ద వేసి కలిపేది. కాసేపటికి పిండి అడుగుకు దిగి, నూనె పైకి తేలి కళ్లు కళ్లుగా మెరుస్తుంది. సొరకాయ బుర్రను వాలుగా పట్టి, నీళ్లు కదలకుండా ఆ నూనె మీదిమీదే తోడి ఇంకో గిన్నెలో పోసేది. ఆముదం గింజలో సగం దాకా నూనే ఉంటుంది. ఈ పద్ధతిలో చేతికొచ్చేది అందులో కొంత మాత్రమే. మిగిలింది పిండిలోనే ఉండిపోతుంది. అయినా గానుగ ఖర్చు లేదు, ఒకరి ముందు చెయ్యి చాపే పని లేదు.

తోడిన నూనెలో నీళ్లు ఉంటాయి. వాటిని పోగొట్టడానికి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. నాయనమ్మ అప్పుడు మాట్లాడేది కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. నీళ్లు ఉన్నంతసేపు నూనె చిటపటమంటుంది. నీళ్లు ఇంకేకొద్దీ ఆ చప్పుడు పలచబడుతుంది. పూర్తిగా ఆగిన క్షణం నుంచి వేడి ఒక్కసారిగా ఎక్కి, నూనె మాడిపోతుంది. ముందే దించితే నీళ్లు మిగిలి నెల తిరక్కుండా కంపు కొడుతుంది. ఆమె చెవి గిన్నె వైపు ఉండేది, చెయ్యి పొయ్యిలో కట్టెల మీద ఉండేది. “కట్టెలు ఎనుకకు గుంజు బిడ్డా, సప్పుడు సన్నగైతుంది” అనేది. మాకేమో అంతకుముందు చప్పుడుకూ ఈ చప్పుడుకూ తేడా తెలిసేది కాదు. దించాక గుడ్డపేలిక ఒత్తి చేసి, నూనెలో ముంచి వెలిగించేది. ఒత్తి చిటచిటలాడితే ఇంకా నీళ్లున్నట్టు, మళ్లీ పొయ్యి ఎక్కించాలి. ఆమె దించిన గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కడం చాలా అరుదు.

ఇందులో ప్రాణాలకు సంబంధించిన తెలివి కూడా ఉంది. ఆముదం గింజలో రిసిన్ అనే గట్టి విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, పిండిలో ఉండిపోతుంది, బాగా కాగితే విరిగిపోతుంది. ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. అయినా పచ్చి గింజ దగ్గరికి పిల్లల్ని రానిచ్చేది కాదు. కాగు అడుగున మిగిలిన మడ్డిని గొడ్లు ముట్టకుండా దూరంగా గుంత తీసి పూడ్చేది. ఒక మేక పోతే ఆ ఏడాది ఇల్లు గడవదని ఆమెకు తెలుసు.

ఆ నూనె కోసం చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు కూడా వచ్చేవాళ్లు. బాలింత ఒంటికి, పసిపిల్ల మాడుకు, పగిలిన మడమలకు, బండి ఇరుసుకు, మోట తోలుకు, దీపానికి అన్నిటికీ అదే. ఒక సంగతి మాత్రం చెప్పాలి. అప్పట్లో పసిపిల్లలకు ఆముదం తాగించేవాళ్లు, ఇప్పుడు డాక్టర్లు అది వద్దంటున్నారు. వాళ్ల మాటే వినండి. నాయనమ్మ మీద గౌరవం ఉండటానికి ఆమె చేసిందంతా చెయ్యక్కర్లేదు.

మా చెలకల్లో ఇప్పుడు పత్తి కనిపిస్తుంది. ఆముదం చాలావరకు పోయింది. దేశంలో పండే ఆముదంలో ఎక్కువ భాగం గుజరాత్‌దే. వంటాముదం వండే ఇల్లు వెతుక్కోవాలి. విచిత్రమేమిటంటే ఆన్‌లైన్ దుకాణాల్లో జమైకా నల్ల ఆముదం అని చిన్న సీసాలు మంచి ధరకు అమ్ముతున్నారు, మన అమ్మాయిలు జుట్టు కోసం కొంటున్నారు. అది ఎట్లా చేస్తారో చదివి నేను కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. గింజ వేయించడం, దంచడం, నీళ్లలో మరిగించడం, తేలిన నూనె తోడడం, అంతా ఇదే. ఆఫ్రికా నుంచి బానిసలుగా లాక్కుపోయినవాళ్లు ఆ విద్యను కరేబియన్ దీవులకు తీసుకుపోయారు. హైతీలో కూడా అదే పద్ధతి. వాళ్లు తమ ముసలమ్మల విద్యకు ఒక పేరు నిలబెట్టుకున్నారు. మనం మన ముసలమ్మలకు “కష్టజీవి” అన్న బిరుదిచ్చి ఊరుకున్నాం.

ఇట్లాంటి ఆడవాళ్ల మాటను నిలబెట్టుకోవడానికి మన నల్గొండ నేల మీదే మంచి దారి ఒకటి పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు వెళ్లి, కూర్చొని, వాళ్ల మాటల్లోనే జీవితాలను రికార్డు చేసి 1986లో “మనకు తెలియని మన చరిత్ర” పుస్తకం తెచ్చారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం గొంతులు అందులో ఉన్నాయి. ఎవరో పోయి అడిగారు కాబట్టి ఆ మాటలు దక్కాయి. ఐలమ్మ 1985లోనే వెళ్లిపోయింది. ఆ అడగడం ఇంకొన్నేళ్లు ఆలస్యమై ఉంటే ఆమె మాట మనకు ఉండేది కాదు.

మా నాయనమ్మ తుపాకి పట్టలేదు, ఏ దొర మీదా తిరగబడలేదు. పొయ్యి ముందు కూర్చొని చప్పుడు విన్నది, ముగ్గురు పిల్లల్ని మనుషుల్ని చేసింది. అది కూడా రాసిపెట్టుకోవాల్సిన జీవితమే.

మీ ఇంట్లో పెద్దామె ఉంటే ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డర్ పెట్టి పక్కన కూర్చోండి. ఎన్ని కష్టాలు పడ్డావని అడగకండి, ఆ ప్రశ్నకు ఆడవాళ్లు “ఏముంది బిడ్డా” అని ఊరుకుంటారు. ఏ పని ఎట్లా చేసేదానివో అడగండి. ఎంత పోసేదానివి, ఎప్పుడు దించేదానివి, చెడిపోయిందని ఎట్లా తెలిసేది, ఎవరు నేర్పారు, ఎంతకు అమ్మావు, డబ్బు ఎక్కడ దాచావు అని అడగండి. దేవరకొండ, డిండి, చందంపేట దిక్కున వంటాముదం వండటం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. నేనే వచ్చి రాసుకుంటాను.