పరాయి పాటలు, సొంత పనితనం

2000 డిసెంబర్‌లో ‘రెనిగేడ్స్’ విడుదలయ్యేసరికి గాయకుడు జాక్ డి లా రోచా బ్యాండు వదిలేసి రెండు నెలలు కావస్తోంది. ఫంక్ లయ మీద ర్యాప్‌నీ, హార్డ్ రాక్ గిటార్‌నీ నిలబెట్టిన లాస్ ఏంజెలెస్ బృందం రేజ్ అగెనెస్ట్ ద మెషీన్‌కు అదే చివరి స్టూడియో ఆల్బమ్. 12 పాటలు. ఒక్కటీ వాళ్లు రాసింది కాదు. సరుకు అయిపోయి అరువు తెచ్చుకున్నారనే అనిపిస్తుంది, వినేదాకా.

వీళ్లు పాటలోంచి మాటలు మాత్రం ఉంచుకుని, వాటి కింద ఉన్న లయను పెకలించి కొత్తది వేస్తారు. ఎమ్‌సీ5 బృందం 1969 నాటి ‘కిక్ అవుట్ ద జామ్స్’ను పరుగు మీద వాయించింది. అంతకన్నా వేగంగా, గట్టిగా వాయించి చూపించాలని ఎవరికైనా ఉంటుంది. వీళ్లు వేగం బాగా తగ్గించేశారు. టిమ్ కమర్‌ఫోర్డ్ బేస్, బ్రాడ్ విల్క్ డ్రమ్స్ బరువుగా నడుస్తుంటే, అరుపులో కొట్టుకుపోయిన మాటలు ఇక్కడ విడివిడిగా తగులుతాయి.

ఆఫ్రికా బంబాటా 1983 పాట ‘రెనిగేడ్స్ ఆఫ్ ఫంక్’లో కష్టం ఇంకో రకం. అసలు పాట సింథసైజర్లు, డ్రమ్ మెషీన్ల మీద నడిచింది. వీళ్లేమో అలాంటివి ముట్టరు, ఏ శబ్దమైనా గిటారే చెయ్యాలి. అందుకు టామ్ మొరెల్లో దగ్గర ఏళ్లుగా సాధన చేసిన చిట్కాలున్నాయి. గిటార్‌కున్న రెండు పికప్‌లలో (తీగల కంపనాన్ని పట్టే భాగాల్లో) ఒకదాని వాల్యూమ్ సున్నా చేసి, ఒక చేత్తో తీగల్ని రుద్దుతూ రెండో చేత్తో స్విచ్‌ను టకటకా అటూ ఇటూ కొడతాడు. శబ్దం తెగుతూ, అతుకుతూ, అచ్చం డీజే రికార్డును గీకినట్టే వస్తుంది. కాలి కింద వామీ పెడల్ నొక్కితే స్వరం అమాంతం పై స్థాయికి ఎగబాకుతుంది. ఇన్ని హిప్-హాప్ పాటల్ని ఈ బృందం ధైర్యంగా ఎత్తుకోగలిగిందంటే కారణం ఆ చేతులే.

అన్నీ అంతే బాగా కుదిరాయని అనను. మైనర్ థ్రెట్ వారి ‘ఇన్ మై ఐస్’లో అసలు పాటే చాలా వరకు కనిపిస్తుంది, వీళ్ల చెయ్యి పడ్డట్టు లేదు.

నా లెక్కలో అన్నిటికన్నా గొప్ప పని ‘బ్యూటిఫుల్ వరల్డ్’. డీవో బృందం 1981లో దాన్ని హుషారైన సింథ్ పాటగా చేసి, ఆ హుషారులోనే ఎగతాళి దాచింది. నిర్మాత రిక్ రూబిన్, ఈ నలుగురూ కలిసి హుషారును తీసేశారు. గిటార్ మెల్లగా మోగుతుంటే, ఎప్పుడూ గొంతు చించుకునే డి లా రోచా దాదాపు గొణుగుతాడు. ఎగతాళి కాస్తా దిగులైపోయింది, మాటల్ని పెద్దగా మార్చకుండానే.

ఆఖరి పాట బాబ్ డిలన్ ‘మ్యాగీస్ ఫార్మ్’. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టి డిలన్ మొదలెట్టింది దీనితోనే. కొందరు శ్రోతలు అల్లరి చేశారు కూడా. ఇక చాకిరీ చెయ్యనని మొండికేసే ఆ పనివాడి పాట, ఎవరు ఏ ఉద్దేశంతో అక్కడ పెట్టారో గానీ, బృందం వదిలి వెళ్లిపోయిన గాయకుడి గొంతులో ముగుస్తుంది.