టీకా లేని టీకా

మన భాషలో కొన్ని మాటలు రెండిళ్ళలో కాపురం చేస్తుంటాయి. 'టీకా' అలాంటిదే. తెలుగు మాస్టారి దగ్గర టీకా అంటే పద్యంలోని కష్టమైన మాటలకు అర్థం విప్పి చెప్పడం. దాని వెనకే తాత్పర్యం వస్తుంది. నర్సమ్మ దగ్గర టీకా అంటే జబ్బు రాకుండా వేసే సూది. బడికి టీకాల వాళ్ళొచ్చారంటే గోడ దూకి పారిపోయిన వీరులు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. మీసాలు నెరిశాయి గనక ఒప్పుకోరు, అంతే!

ఈ రెండు టీకాలకూ మన గడ్డతో చుట్టరికం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మెదక్ ప్రాంతంలోని కొల్చారం. కొవాగ్జిన్ తయారైంది హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు తనకు తానే ఒక కట్టడి విధించుకున్నాడు. కరోనా రోజుల్లో టీకా గురించి మనకు చెప్పిన మాటల్ని ఆ గీటురాయి మీద గీసి చూస్తే ఎలా ఉంటుంది? టీకా మంచిదా చెడ్డదా అన్న చర్చ కాదండీ ఇది. అది ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. నా పేచీ అల్లా దాన్ని మన ముందు పెట్టిన భాషతోనే.

మొదటి పాఠమే చూడండి. 2021 జనవరి 3న ఔషధ నియంత్రణ శాఖ కొవిషీల్డ్‌కూ, కొవాగ్జిన్‌కూ అత్యవసర అనుమతి ఇచ్చింది. రెండోదానికి 'క్లినికల్ ట్రయల్ పద్ధతిలో' అని ఒక తోక తగిలించింది. దాని మూడో దశ పరీక్షల ఫలితం అప్పటికి రాలేదు. 81 శాతం రక్షణ ఇస్తుందన్న మొదటి కబురు మార్చి 3న గాని బయటికి రాలేదు. ఈ రెండు నెలల్లో ఆ తోకకు అర్థమేమిటో ఇంటి ఇల్లాలికి ఎవరు చెప్పారు? పులుసు ఉడికిందో లేదో చెప్పకుండా విస్తట్లో వడ్డిస్తే, తినేవాళ్ళు ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఉడికిందని తర్వాత తేలింది, సంతోషమే. కాని ఆగి చూసినందుకు 'చదువులేని వాళ్ళు, మూఢనమ్మకాలు' అని ముద్ర వేయడం ఏం న్యాయం?

తర్వాత గడువుల కథ. కొవిషీల్డ్ రెండో డోసు మొదట నాలుగు నుంచి ఆరు వారాలన్నారు. మార్చిలో ఆరు నుంచి ఎనిమిది అన్నారు. మే 13న పన్నెండు నుంచి పదహారు అన్నారు. కొత్త సంగతి తెలిస్తే మాట మార్చుకోవడం శాస్త్రానికి గుణమే గాని దోషం కాదు. కాని అవే రోజుల్లో టీకాలకు కటకటగా ఉంది. కారణం విడమరిచి చెప్పకపోతే జనం తమకు తోచిన తాత్పర్యం తామే రాసుకుంటారు. "మందు లేక గడువు పెంచారు" అని వీధి వీధంతా రాసుకుంది!

ఇక 'స్లాట్' అనే మాట. మే 1 నుంచి పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళందరికీ టీకా అన్నారు. అయితే నలభై అయిదు లోపు వాళ్ళు ముందుగా కోవిన్‌లో పేరు నమోదు చేసుకుని తీరాలి. అప్పటికి కోవిన్‌కు తెలుగు రాదు. ఫోన్ ఒకటే, అది ఇంటాయన జేబులో. ఓటీపీ వచ్చేసరికి ఆయన ఆఫీసులో. ఈ సదుపాయాలు లేనివాళ్ళ మాటేమిటని మే నెలాఖరున సుప్రీంకోర్టే అడగవలసి వచ్చింది. జూన్‌లో గాని కోవిన్ తెలుగు నేర్చుకోలేదు. అప్పటి దేశం లెక్కల్లో టీకా వేయించుకున్న ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా వెనకబడ్డారంటే ఆశ్చర్యమేముంది? మూలం చేతికి అందనప్పుడు టీకా మాట దేవుడెరుగు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ ఏప్రిల్‌లో ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది: నెలసరికి అయిదు రోజులు ముందూ, అయిదు రోజులు తర్వాతా టీకా వేయించుకోరాదని. రాసిందెవరో తెలియదు, మూలం లేదు. మల్లినాథుడు చూస్తే చించి పారేసేవాడు. అది అబద్ధమని ప్రభుత్వం ప్రకటించింది, మంచి పనే చేసింది. కాని అక్కడితో ఊరుకుంది. చాలామంది ఆడవాళ్ళు మాత్రం, "టీకా తర్వాత ఈ నెల తేదీ తప్పిందే!" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూనే ఉన్నారు. "అన్నీ అపోహలు, ఊరికే కంగారు" అని వాళ్ళ నోరు మూయించారు. 2022 జనవరిలో, అమెరికాలో సుమారు 4 వేల మంది స్త్రీల వివరాలతో చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. టీకా తర్వాత నెలసరి సగటున ఒక రోజుకన్నా తక్కువే ఆలస్యమవుతోందనీ, అదీ త్వరలోనే సర్దుకుంటోందనీ తేలింది. చూశారా! భయపడవలసిందేమీ లేదు. కాని ఆడవాళ్ళు చూసింది మాత్రం కల్పన కాదు. ఈ రెండు ముక్కలూ కలిపి మొదటే చెప్పి ఉంటే ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పేవి! టీకాల పరీక్షల్లో ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

గర్భిణుల సంగతీ అంతే. జనవరి 16న టీకాలు మొదలైతే, బిడ్డకు పాలిచ్చే తల్లులకు అనుమతి మే 19న వచ్చింది. గర్భిణులకు జూలై 2న వచ్చింది. రెండో ఉధృతి నడుమ ఉన్న ఏప్రిల్, మే నెలల్లో కడుపుతో ఉన్న పిల్ల పుట్టింట్లో తలుపు వేసుకుని కూర్చుంది. ఆమెకు అందిన వ్యాఖ్యానం ఒక్కటే: 'వద్దు'. ఎందుకు వద్దో, ఎన్నాళ్ళు వద్దో లేదు.

మరి ఈ పాఠానికి నిజమైన టీకా ఎవరు చెప్పారు? ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు. గుమ్మం ముందు నిలబడి, "జ్వరం ఒక రోజు ఉంటుందమ్మా, ఈ బిళ్ళ వేసుకో, పాలు మానక్కర్లేదు" అని చెప్పినవాళ్ళు వాళ్ళు. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు వయసు నిబంధన పక్కనపెట్టి టీకాలిచ్చారు. జూన్ 20న ఒక్క రోజులో 13 లక్షల పైచిలుకు డోసులు వేశారు. ప్రకటనలతోనే అయిపోయే పని కాదది. తెలిసిన ముఖం, తెలిసిన భాష, అడిగితే విసుక్కోని గొంతు కావాలి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను సత్కరించింది. మనం మాత్రం వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనం, 'గౌరవ వేతనం' అంటాం. కోవిడ్ పనికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకు 1,000 రూపాయలు. గౌరవం ఎంతో, వేతనం ఎంతో మీరే లెక్క చూసుకోండి.

మన గడప లోపల కూడా ఒక వాక్యం టీకా లేకుండా మిగిలిపోయింది. "టీకా వేయించుకుంటేనే పనిలోకి రా" అని పనిమనిషితో అనేక ఇళ్ళవాళ్ళు అన్నారు. సరే, జాగ్రత్త మంచిదే. కాని ఆ రాత్రి ఆమెకు ఒళ్ళు కాగిపోతే మర్నాటి జీతం కోస్తామో, కోయమో ఎందరు చెప్పారు? ఆమె టీకాకు జంకింది సూదికి భయపడి కాదు, నాగాకు భయపడి.

మళ్ళీ ఏదో ఒకనాడు ఇంకో జబ్బు రావచ్చు, ఇంకో టీకా రావచ్చు. అప్పుడైనా సూదితో పాటు అర్థం కూడా మన గుమ్మంలోకి రావాలి. రాకపోతే అడగాలి. "నాకు తెలియలేదు, మళ్ళీ చెప్పండి" అనడానికి బడిలో సిగ్గుపడ్డామేమో గాని, మన ఒంటి సంగతి అడగడానికి సిగ్గెందుకు? చెప్పేవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మనం అడగడం మానొద్దు.